మధ్యలో బంతి

డబుల్స్ ఆటకి నలుగురు కావాలి. ముగ్గురొస్తే అది ఆట కాదు, కబుర్లు. పెద్దాపురం దివాన్ క్లబ్బులో పొద్దున్నే టెన్నిస్ ఆడే పెద్దమనుషులకి ఈ ఇబ్బంది తరచుగా వచ్చేది. ఒకాయనకి షుగరు పెరిగేది, ఒకాయన మిల్లుకి లారీలొచ్చేవి, ఇంకొకాయన హైదరాబాదులో కొడుకు దగ్గరికి వెళ్ళేవాడు. అప్పుడు మిగిలిన ముగ్గురూ వల పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డ జయపాల్ వైపు చూసేవారు.

"రారా జయపాలూ, నాలుగో మనిషివి నువ్వే."

జయపాల్ ఆ క్లబ్బులో మార్కరు. అంటే తెల్లవారకముందే మట్టికోర్టుకి నీళ్ళు చల్లి, రోలరు లాగి, సున్నంతో గీతలు గీసి, వల బిగించి, వచ్చినవాళ్ళకి బంతులందించే జీతగాడు. ఆడమంటే ఆడతాడు, ఆపమంటే ఆపుతాడు. ఆట మధ్యలో దాహమేస్తే సభ్యులకి స్టీలు గ్లాసులున్నాయి. జయపాల్‌కి పూలమొక్కలకి నీళ్ళు పెట్టే కుళాయి ఉంది. ఆ ఏర్పాటు ఎవరు చేశారో ఎవరికీ గుర్తులేదు. చర్చి వెనక పేట నుంచి వచ్చినవాడు ఏ నీళ్ళు తాగాలో ఈ ఊళ్ళో ఎవరూ ఎవరికీ నేర్పక్కర్లేదు.

జయపాల్ మోకాలు వాచిన ఏడాది ఆ నాలుగో చోటు అతని కూతురు హెలెన్‌కి దక్కింది. ఐదో తరగతి పిల్ల. తండ్రి వెంట బంతులేరడానికొచ్చి, వదిలేసిన పాత రాకెట్టుతో క్లబ్బు వెనకగోడకి బంతి కొట్టీ కొట్టీ చెయ్యి సాధించుకుంది. సింగిల్స్ ఆడటానికి ఆ పిల్లకి కోర్టు ఎవరిస్తారు? నాలుగో మనిషి రాని రోజున మాత్రం దొరికేది. వెనక గీత దగ్గర నిలబడి బాదుకోవడం పెద్దవాళ్ళకిష్టం కాబట్టి పిల్లని వల దగ్గరికి తోసేవారు. అలా హెలెన్ డబుల్స్ మనిషి అయింది. కొందరు డబుల్స్‌ని ఎంచుకుంటారు. హెలెన్‌కి మిగిలింది అదే. మిగిలినదాన్ని పట్టుకుని బతుకు కట్టుకోవడం పేటలో ఎవరికీ కొత్త కాదు.

ఆ క్లబ్బు ఆటకి ఏ పుస్తకంలోనూ లేని పద్ధతులు కొన్ని ఉండేవి. మార్కరు సభ్యుడి మీదికి స్మాష్ కొట్టకూడదు. సభ్యుడు కొట్టిన బంతి గీత దాటి పడినా, ఆయన అడిగేదాకా అవుటని అనకూడదు. అన్నిటికంటే పెద్దది ఇంకొకటి. జోడీగా ఆడుతున్నప్పుడు ఇద్దరి మధ్యకీ వచ్చిన బంతి సభ్యుడిది. మార్కరు పక్కకి తప్పుకోవాలి.

హెలెన్ ఒక్కసారి తప్పుకోలేదు. ఆ రోజు రైసుమిల్లు బంగార్రాజు గారికి జోడీగా ఆడుతోంది. బంతి ఇద్దరి మధ్యకీ తేలుతూ వచ్చింది. పిల్ల ఒక్క అంగలో దాటి, అవతలివాళ్ళిద్దరూ చూస్తూ ఉండగా వాళ్ళ నడిమిలోంచి కొట్టేసింది. పాయింటొచ్చింది. బంగార్రాజు గారు పడీపడీ నవ్వారు.

"ఓరి నీ కూతురు బంగారం గానూ! నా బంతి లాగేసుకుందిరా జయపాలూ!"

అందరూ నవ్వారు. ఆ వారమంతా పిల్లని ఎవరూ ఆటకి పిలవలేదు. వాచిన మోకాలితో, ఎండెక్కేదాకా రోలరు లాగడమే జయపాల్‌కి పని. ఎందుకని అతను అడగలేదు. ఇందుకని వాళ్ళూ చెప్పలేదు. ఆదివారం చర్చి నుంచి ఇంటికొస్తూ కూతురి భుజం మీద చెయ్యేసి ఒక్క మాట అన్నాడు.

"మధ్యలో బంతి అయ్యగారిదమ్మా. గుర్తెట్టుకో."

తిట్టి నేర్పిన పాఠాన్ని మర్చిపోవచ్చు. నవ్వుతూ నేర్పింది ఎముకలోకి దిగుతుంది.

వీరదుర్గ ఆ పిల్లకి పరిచయమైంది కాకినాడలో, స్కూలు ఆటల జిల్లా సెలెక్షన్ల దగ్గర. జోడీ లేకుండా వచ్చిన పిల్లలిద్దరినీ నిర్వాహకులు ఒక పక్కకి నిలబెట్టారు. ఒకత్తె హెలెన్, రెండో ఆమె వీరదుర్గ. ఉప్పాడ వైపు సముద్రపొడ్డు ఊరు. తండ్రి బుల్లియ్య పడవ మీద వేటకెళ్తాడు, తల్లి మరిడమ్మ గంపలో చేపలు పెట్టుకుని పిఠాపురం వీధుల్లో అమ్ముతుంది. కెరటాల హోరు మీదుగా మాట్లాడుకునే ఇంట్లో పుట్టిన పిల్ల. దాని మామూలు గొంతే మనకి అరుపు.

"నీకేంటొచ్చే?"

"వల దగ్గర ఆడతాను" అంది హెలెన్, వినపడీ వినపడనట్టు.

"మంచిదే. నాకు బాదడం వచ్చు. నేను బాదుతా, నువ్వు సద్దుకో."

ఆ రోజు గెలిచారు. తర్వాత దారులు వేరయ్యాయి. వీరదుర్గ స్పోర్ట్స్ స్కూల్లో సీటు సంపాదించుకుని సింగిల్స్ వైపు పోయింది. హెలెన్ సామర్లకోటలో డిగ్రీ చదువుతూ, ఎవరికి జోడీ తక్కువైతే వాళ్ళతో ఆడుతూ, రాష్ట్రంలో డబుల్స్ అంటే ఆ పిల్ల పేరు చెప్పుకునే దాకా వచ్చింది.

ప్రొఫెషనల్ టోర్నమెంటు ఆడటానికి హెలెన్ మొదటిసారి రాష్ట్రం దాటింది గుమ్మడికాయ మీద. అబద్ధం కాదు. కోతల పండగ రోజున చర్చిలో, జనం దేవుడికి తెచ్చిన కోళ్ళూ అరటిగెలలూ కొత్త బియ్యమూ వేలం వేస్తారు. పాడుకున్నవాళ్ళు డబ్బు కట్టి, ఆ వస్తువుని మళ్ళీ దేవుడికే ఇచ్చెయ్యొచ్చు. అది మళ్ళీ పాటకొస్తుంది. ఆ ఏడు సంఘపెద్ద చిట్టియ్య ఒక గుమ్మడికాయని నెత్తి మీదికెత్తి పట్టుకున్నాడు.

"ఇది జయపాల్ కూతురి రైలుబండండోయ్! ఎవరు తోత్తారో తొయ్యండి!"

ఊడ్పులకెళ్ళే ఆడవాళ్ళు, స్కూలు టీచర్లు, మునిసిపల్ గుమాస్తా, ఎవరు పాడుకుంటే వాళ్ళు తిరిగిచ్చేశారు. చేతులు మారీ మారీ కాయ నిండా గోళ్ళ గుర్తులు పడ్డాయి. చివరికి హెలెన్ తల్లి సువార్తమ్మ దాన్ని పులుసు పెట్టి, పాడినవాళ్ళందరికీ తలో గరిటె వడ్డించింది. క్లబ్బు కూడా ఊరుకోలేదు. ఒక శాలువా కప్పి ఫోటో తీయించింది. ఆ ఫోటోలో హెలెన్ పక్కన బంగార్రాజు గారున్నారు. జయపాల్ లేడు. ఫోటో తీసేటప్పుడు అతను కుర్చీలు సర్దుతున్నాడు.

డబుల్స్ మాత్రమే ఆడేవాళ్ళ బతుకు వేరు. ఊళ్ళో బండి దిగగానే ముందు వెతుక్కోవలసింది కోర్టుని కాదు, జోడీని. "పార్ట్‌నర్ ఉన్నారా?" అని కనిపించినవాళ్ళందరికీ మెసేజిలు పెట్టాలి. సింగిల్స్‌లో పేరున్న అమ్మాయి వొళ్ళు బాగాలేదని వెళ్ళిపోతే డబుల్స్ అమ్మాయి వారమంతా ఖాళీ. ఒక వారం థాయిలాండ్ పిల్లతో, ఇంకో వారం కజకిస్తాన్ పిల్లతో. మాట రాదు, సైగలే మాట. ఒకరు వెనక నుంచి సర్వీసు చేస్తుంటే, వల దగ్గర నిలబడ్డ జోడీ చెయ్యి వీపు వెనక పెట్టి, అవతలివాళ్ళకి కనపడకుండా చెప్పాలి. పిడికిలి మూస్తే, నా చోట్లోనే ఉంటానని. అరచెయ్యి తెరిస్తే, మధ్యలోకి దాటి బంతి నేను తీసుకుంటాను, నా ఖాళీ నువ్వు చూసుకో అని. ఎక్కడికెళ్ళినా ఇవే సైగలు.

హెలెన్ ఎప్పుడూ పిడికిలే చూపించేది. ఎంత బలంగా వచ్చిన బంతినైనా మెత్తగా పట్టి అవతలివాళ్ళ పాదాల దగ్గర పడేసేది. కోచ్‌లు ఆ చెయ్యి చూసి ముచ్చటపడేవారు. ప్రాక్టీసులో మధ్యలోకి దాటమంటే చక్కగా దాటేది. మ్యాచ్‌లో మాత్రం చెయ్యి దానంతటదే మూసుకునేది. కొత్తవాళ్ళు ఒక వారం ఆడి, థాంక్యూ చెప్పి వెళ్ళిపోయేవారు.

సింగిల్స్‌లో భుజం పాడుచేసుకున్న వీరదుర్గ నాలుగేళ్ళ క్రితం తిరిగొచ్చి హెలెన్‌తో జోడీ కట్టింది. ఇద్దరి ర్యాంకులూ కలిసి పెరిగాయి. చిన్న టోర్నమెంట్లలో సెమీఫైనళ్ళ దాకా వెళ్ళారు. అక్కడ బండి ఆగిపోయింది. పైస్థాయి వాళ్ళు కిటుకు కనిపెట్టేశారు. ఈ జోడీకి నడిమిలో కొట్టాలి, ఆ పొట్టిపిల్ల కదలదు.

ఈ ఏడాది రాజమండ్రిలో టోర్నమెంటు పెట్టారు. సొంత నేల, సొంత జనం. మొదటి మ్యాచ్‌కి ముందు సాయంత్రం ఇద్దరూ గోదావరి గట్టు మీద కూర్చుని మిరపకాయ బజ్జీలు తింటుంటే, వీరదుర్గ ఫోను తీసి హెలెన్ ఒళ్ళో పెట్టింది. వైజాగ్ అమ్మాయి రమ్యశ్రీ మెసేజి. ఇకనుంచి డబుల్సే ఆడుతుందట. వచ్చే నెల నుంచి పెద్ద టోర్నమెంట్లకి వీరదుర్గని జోడీగా రమ్మంటోంది.

హెలెన్ చేతిలో ఉన్న బజ్జీని పొట్లంలో పెట్టేసింది. "వెళ్తావా?"

"ఎల్లాలనుందా అనడుగు. లేదు. ఎల్లక తప్పదా అనడుగు. తప్పేటట్టు లేదు."

"ఏం చేశానే నేను?"

"ఏం చెయ్యలేదు. అదే బాధ. నాలుగేళ్ళనించీ నీ పిడికిలి చూత్తన్నానే. మధ్యలో బంతొత్తే రాటలాగా నిలబడిపోతావు. వెనకాల్నించి నేను ఆయాసపడతా రావాలి."

"అది నీదేమోనని..."

"బంతి మీద నా పేరు రాసుందా? మా నాన్నోళ్ళు సముద్రంలో వల లాగేటప్పుడు ఎవడి చేతికి తాడందితే ఆడు లాగుతాడు. 'ఇది తమరి తాడండి' అని చేతులు కట్టుకు నిలబడితే ఏమవుద్ది? పడవా పోద్ది, చేపా పోద్ది."

హెలెన్ నవ్వింది. వీరదుర్గ నవ్వలేదు.

"ఈ టోర్నమెంటు అయ్యేదాకా చూత్తాను. నీ అంతట నువ్వు అరచెయ్యి తెరిత్తే మనిద్దరం. లేదంటే రమ్యశ్రీకి సరేనంటాను. తర్వాత ఏడిచి నన్నేడిపించకు."

హెలెన్‌కి రమ్యశ్రీ మీద కోపం రాలేదు. వీరదుర్గ మీదా రాలేదు. ఈ పిల్ల పోతే మళ్ళీ తను నాలుగో మనిషే. ఎవరో రాని రోజున పిలిచే మనిషి.

మొదటి రెండు మ్యాచ్‌లూ వీరదుర్గ సర్వీసు బలంతో గెలిచారు. సెమీఫైనల్లో ఆమె వెనక నుంచి "దాటు! దాటు!" అని అరిస్తే హెలెన్ దాటింది. గెలిచాక వీరదుర్గ నీళ్ళ సీసా అందిస్తూ, "నేనరిత్తే దాటడం లెక్కలోకి రాదు, తెలుసుగా" అంది. తెలుసు.

శనివారం ఫైనల్ చూడటానికి రెండిళ్ళ వాళ్ళూ వచ్చారు. దివాన్ క్లబ్బు నుంచి కారులో బంగార్రాజు గారు, రిటైరైన ఇంజనీరు సత్యప్రసాద్ గారు వచ్చి ముందు వరస సోఫాలో కూర్చున్నారు. వీరదుర్గ తల్లి మరిడమ్మ అటూ ఇటూ చూసి, ఎక్కడ మెత్తగా ఉందో అక్కడికే సరాసరి నడిచి, అదే సోఫాలో కూర్చుంది. బంగార్రాజు గారు కొంచెం జరిగారు. ఆవిడ ఇంకొంచెం సర్దుకుని కూర్చుంది.

జయపాల్ మాత్రం కంచె పక్కన నిలబడ్డాడు, చేతులు కట్టుకుని.

"ఏంటయ్యా, అన్ని కుర్చీలు ఖాళీగా పెట్టుకుని?" అంది సువార్తమ్మ.

"పర్లేదులే. ఇక్కణ్ణించి బాగా కనపడుద్ది."

అవతల ఒక పుణె అమ్మాయి, ఒక జపాన్ అమ్మాయి. కిటుకు వాళ్ళకీ తెలుసు. మొదటి సెట్టంతా నడిమిలోనే కొట్టి తీసుకుపోయారు. రెండో సెట్టులో వీరదుర్గ భుజం నొప్పిని కూడా లెక్కచెయ్యకుండా బాదింది. హెలెన్ తన పక్కకొచ్చిన ప్రతి బంతినీ వాళ్ళ కాళ్ళ దగ్గర పడేసింది. సెట్టు వీళ్ళకొచ్చింది. డబుల్స్‌లో మూడో సెట్టుండదు. పది పాయింట్ల టైబ్రేకుతో తేల్చేస్తారు.

టైబ్రేకులో అవతలివాళ్ళు ముందున్నారు. వలకి ఇవతల ఇద్దరూ పక్కపక్కన ఉండగా, జపాన్ అమ్మాయి కొట్టిన బంతి నెమ్మదిగా, తేలికగా, సరిగ్గా నడిమికి వచ్చింది. హెలెన్ రాకెట్టుకి మూరెడు దూరం. హెలెన్ భుజం తిప్పి పక్కకి తప్పుకుంది. బంతి ఇద్దరి మధ్యలోంచి దర్జాగా వెళ్ళిపోయింది.

జనం ఉసూరుమన్నారు. ఆ ఉసూరుమనడం సద్దుమణిగాక, ముందు సోఫాలోంచి బంగార్రాజు గారి గొంతు కోర్టంతా వినిపించింది.

"చూశారా ఇంజనీరు గారూ! అదండీ మన క్లబ్బు పెంపకం! పక్కవాళ్ళ బంతికి ఆశపడదు. మన జయపాల్ కూతురు కదండీ, పద్ధతి తెలిసిన పిల్ల!"

ఆయన ప్రేమగానే అన్నారు. ఆ మాటలో వెటకారం ఉంటే హెలెన్ దులిపేసుకునేదేమో. లేదు. పాయింటు పోయినందుకు మెచ్చుకుంటున్నారు. తను ఓడిపోతున్న తీరు ఆయనకి మర్యాదగా కనిపిస్తోంది. ఇన్నేళ్ళూ తను పిరికిదాన్నేమో అనుకుంది, చురుకు చాలదేమో అనుకుంది. అందుకోసం ఎంతమంది కోచ్‌ల దగ్గర తల వంచుకుని నిలబడిందో! తప్పు కాళ్ళలో లేదు. ఆ కాళ్ళకి ఎవరో పద్ధతని పేరు పెట్టి తాడు కట్టారు.

కంచె వైపు చూసింది. జయపాల్ కూడా విన్నాడు. వంచిన తల ఎత్తలేదు.

తర్వాత సర్వీసు వీరదుర్గది. హెలెన్ వల దగ్గరికి నడిచి, వంగి, చెయ్యి వీపు వెనక పెట్టింది. చెయ్యి అలవాటుగా మూసుకుంది. వెనక వీరదుర్గ బంతిని నేలకి తాటిస్తున్న చప్పుడు వినపడుతోంది. హెలెన్ చిటికెనవేలు విప్పింది. తర్వాత ఉంగరపు వేలు. ఎవరో బిగించి పట్టుకున్న చేతిని విడిపిస్తున్నట్టు ఒక్కో వేలూ విప్పి, అరచెయ్యి మొత్తం చాచింది.

బంతి చప్పుడు ఆగిపోయింది. నోరు తెరిస్తే అవతలివాళ్ళకి తెలిసిపోతుంది కాబట్టి వీరదుర్గ పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నోరు మూసుకుని నిలబడింది. తర్వాత బంతి ఎగరేసి కొట్టింది.

హెలెన్ దాటింది. బంతి రాకెట్టుకి తగిలింది కూడా. తగిలి, వలలో పడింది.

పాయింటు పోయింది. రోలరు చప్పుడు హెలెన్ చెవిలో మోగింది. వీరదుర్గ పరిగెత్తుకొచ్చి వీపు మీద ఒక్కటి చరిచింది.

"అదీ! అదే!"

"పోయింది కదే!"

"పోతే పోయింది! ఇన్నాళ్ళూ నా బంతులు పోయేయి. ఇయ్యాల నీ బంతి పోయింది. మళ్ళీ చాపు చెయ్యి!"

మళ్ళీ చాచింది. ఈసారి బంతి పుణె అమ్మాయికీ జపాన్ అమ్మాయికీ నడుమ నేలకి కొట్టుకుని వెనక కంచెకి తగిలింది. మరిడమ్మ సోఫాలోంచి లేచి ఈల వేసింది. ఆ తర్వాత అవతలివాళ్ళు సర్వీసు చేస్తున్నా సరే, మధ్యకొచ్చిన బంతి హెలెన్ వదల్లేదు. అడగలేదు, వీరదుర్గ వైపు చూడలేదు, తప్పుకోలేదు. వెనకబడ్డ స్కోరు ఎనిమిది ఎనిమిదికి వచ్చింది. జపాన్ అమ్మాయి ఎటు కొట్టాలో తెలియక రెండుసార్లు బయటికి కొట్టేసింది.

అయినా ఓడిపోయారు. హెలెన్ సర్వీసు మీద ఒక పాయింటు పోయింది, చివరి పాయింటుకి బంతి వల అంచు తగిలి ఇవతల చచ్చినట్టు పడింది. దానికెవరూ ఏం చెయ్యలేరు.

రన్నరప్ కప్పు అందుకుని వస్తుంటే బంగార్రాజు గారు ఎదురొచ్చి తల మీద చెయ్యిపెట్టారు.

"బాగా ఆడావమ్మా. మొదట్లో ఎంత నిదానంగా ఆడావు! ఆ చివర్లోనే కంగారుపడ్డావు. పక్కమ్మాయి బంతులకి వెళ్ళావు చూడూ..."

అలాంటి మాటకి హెలెన్ నోట్లోంచి ఇన్నేళ్ళూ ఒకటే జవాబొచ్చేది. అలాగేనండి. అది నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"అవి నా బంతులేనండి" అంది.

గొంతు పెంచలేదు. 'అండి' మానలేదు. బంగార్రాజు గారు నవ్వారు, పూర్వం నవ్వినట్టే. చుట్టూ చూశారు, ఇంకెవరైనా నవ్వుతారేమోనని. సత్యప్రసాద్ గారు కళ్ళజోడు తుడుచుకుంటున్నారు. జయపాల్ కంచె దగ్గర్నుంచి వచ్చి కూతురి పక్కన నిలబడి ఉన్నాడు. గొంతు సవరించుకున్నాడు.

"ఆయ్... దాని బంతులేనండి, అయ్యగారూ."

బంగార్రాజు గారు కారు తాళాలు వెతుక్కున్నారు.

సాయంత్రం ప్యాసింజరు బండిలో రెండు కుటుంబాలూ ఎదురెదురు సీట్లలో సర్దుకున్నాయి. పెద్దాపురం వాళ్ళు సామర్లకోటలో దిగుతారు, వీరదుర్గ వాళ్ళు పిఠాపురం దాకా. మరిడమ్మ, సువార్తమ్మ పులిహోర పొట్లాలు విప్పారు. వీరదుర్గ తండ్రి బుల్లియ్య కప్పులోకి తొంగిచూసి, "ఇందులో చారెడు రొయ్యలు కూడా పట్టవే" అని పెదవి విరిచాడు.

వీరదుర్గ ఫోను తీసి, టైపు చేస్తున్న ప్రతి మాటా బోగీ అంతటికీ వినపడేలా చదివింది. "సారీ అక్కా... నాకు... జోడీ... ఉంది." పంపించేసి, ఫోను హెలెన్ మొహం ముందు ఊపింది. "మరి వచ్చే వారం ఎంట్రీ ఇవ్వాలా, వద్దా? మాటాడవేంటే? మళ్ళీ నేనరవాలా?"

"ఇచ్చెయ్యి" అంది హెలెన్. "నా పేరు ముందు రాయి."

"అబ్బో!" అంది వీరదుర్గ. సంతోషం పట్టలేక హెలెన్ వంతు పులిహోర కూడా లాక్కుని తినేసింది.

జయపాల్ కిటికీ పక్కన కూర్చున్నాడు. బిక్కవోలు దాటాక కూతురి వైపు వంగాడు.

"అమ్మా, అరచెయ్యి తెరిత్తే దాటుతానని, కదా?"

"అవును నాన్నా."

"పిడికిలైతే?"

"కదలను, నా చోట్లోనే ఉంటానని."

జయపాల్ తలూపాడు. సోమవారం పొద్దున్న క్లబ్బులో ఆటుంది. ముగ్గురే వస్తారో, నలుగురూ వస్తారో. కిటికీలోంచి చేలవైపు చూస్తూ, చెయ్యి మెల్లగా వీపు వెనక్కి పెట్టుకున్నాడు. మూశాడు. తెరిచాడు. మళ్ళీ మూసి, మళ్ళీ తెరిచాడు.

"ఏంటయ్యా, నడుం పట్టేసిందా?" అంది సువార్తమ్మ.

"లేదులే" అన్నాడు జయపాల్. చెయ్యి అలా తెరిచే ఉంచాడు.